జిగురు ముందా, ఆమ్లం ముందా?

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనగానే ఇవాళ డాక్టర్లకైనా, జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకైనా ముందు గుర్తొచ్చేవి ఊపిరితిత్తులు. చివరికి ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా అవే కాబట్టి అది సహజమే. కానీ ఈ జబ్బుకు పేరు పెట్టింది క్లోమాన్ని చూసి. 1938లో న్యూయార్క్ బేబీస్ హాస్పిటల్ పాథాలజిస్టు డొరొతీ ఆండర్సన్ 49 మంది పిల్లల వివరాలు పోగుచేసి, అందరూ సీలియాక్ జబ్బనుకుంటున్నదాంట్లో వేరే జబ్బొకటి కలిసిపోయి ఉందని, దాని జాడ క్లోమంలో తిత్తులుగా, పీచుగా కనిపిస్తోందని రాశారు. ఆ క్లోమం ఎలా పాడవుతుందని అడిగితే పాఠ్యపుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి: జిగురు చిక్కబడి నాళాలు పూడుకుపోతాయి. ఆ మాట అబద్ధమని నేననను. అయితే అది కథను మధ్యలోంచి ఎత్తుకుంటోంది. అసలు లోపం జిగురు కంటే ముందే, నాళపు కణం పొరలో బైకార్బొనేట్ దాటలేకపోవడంలో ఉందని నా నమ్మకం. దీనికి ఎదురొచ్చే వాదనలు బలమైనవే. వాటిని కుదించకుండా వినాలనే ఈ వ్యాసాన్ని సంవాదంగా రాస్తున్నాను. ఒకరు ఏళ్ల తరబడి స్లైడ్లు చూసిన పాథాలజీ ప్రొఫెసరు. రెండోవారు ఆయనకంటే చిన్నావిడ, ఫిజియాలజీ చెప్పే అధ్యాపకురాలు. ఇద్దరూ కల్పితమే, వాళ్లు ముందుపెట్టే ఆధారాలు మాత్రం నిజమైనవి.

ప్రొఫెసరు: కంటికి కనిపించినదాన్ని బట్టి మాట్లాడే వృత్తి నాది. ఈ జబ్బుతో పోయిన పసిబిడ్డ క్లోమాన్ని పలచగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెడితే చిన్న చిన్న నాళాలు ఉబ్బిపోయి కనిపిస్తాయి. వాటి నిండా గులాబీ రంగు ముద్దలు, కొన్నిచోట్ల పొర మీద పొరగా గట్టిపడినవి. ముద్ద ఒత్తిడికి నాళం లోపలి అంచున నిలువుగా ఉండాల్సిన కణాలు చదునైపోతాయి. ఎంజైములు తయారుచేసే గుత్తికణాలు, అంటే ఎసినార్ కణాలు, కుంచించుకుపోయి చుట్టూ పీచు అల్లుకుంటుంది. కాస్త పెద్దపిల్లల స్లైడు చూస్తే గుత్తులే ఉండవు. కొవ్వు మధ్యలో ఇన్సులిన్ ఇచ్చే లాంగర్‌హాన్స్ దీవులు మాత్రం అక్కడక్కడా మిగిలి ఉంటాయి. ఊపిరితిత్తుల్లోనూ జిగురే, పేగులోనూ జిగురే, పిత్తనాళాల్లోనూ అదే. అందుకే సిడ్నీ ఫార్బర్ 1940లలో దీన్ని జిగురు చిక్కబడే జబ్బుగా చూసి మ్యూకోవిసిడోసిస్ అన్నారు. నాళం పూడింది, వెనకాల కణాలు చచ్చాయి. ఇంత స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు ఇంకో కారణం వెతకడం దేనికమ్మా?

అధ్యాపకురాలు: మీరు చూసింది నిజమే సార్. కాకపోతే అన్నీ జరిగిపోయాక మిగిలినదాన్ని స్లైడు చూపిస్తుంది, ఏది ముందో ఏది వెనకో చెప్పదు. ఆ గులాబీ ముద్దలో ఉన్నది ఉత్త జిగురు కాదు, గుత్తికణాలు వదిలిన ఎంజైముల ప్రొటీను కూడా బోలెడుంటుంది. అదే ప్రొటీను ఆరోగ్యంగా ఉన్న క్లోమంలోనూ అవే నాళాల్లోంచి పోతుంది. అక్కడ ఎందుకు గడ్డకట్టదు? పెద్దవాళ్ల క్లోమం రోజుకు సుమారు లీటరున్నర రసం ఊరిస్తుంది. గుత్తికణాలు ఇచ్చేది ప్రొటీను, దాంతోపాటు కొద్దిపాటి ద్రవం. మిగతా నీరంతా నాళపు కణాలు చేర్చేదే. పొట్టలోంచి ఆమ్లం పేగులోకి దిగగానే సెక్రెటిన్ విడుదలవుతుంది, 1902లో బేలిస్, స్టార్లింగ్ కనిపెట్టిన హార్మోను. అది నాళపు కణాన్ని తట్టగానే లోపల సైక్లిక్ ఏఎంపీ పెరుగుతుంది, నాళం వైపున్న పొరలో సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీను ద్వారం తెరుచుకుంటుంది. రక్తంలో బైకార్బొనేట్ లీటరుకు 25 మిల్లీమోల్స్ దగ్గర ఉంటే, మనిషి క్లోమరసంలో 140 దాకా ఎక్కుతుంది. అంత క్షారాన్ని ఎదురెక్కించి నాళంలోకి నెట్టగలిగే కణాలు శరీరంలో చాలా అరుదు. దాని వెంట సోడియం, సోడియం వెంట నీరు. ఈ జబ్బులో మూసుకుపోయింది ఆ ద్వారమే. 1985లో టొరంటో పిల్లల ఆస్పత్రిలో కోపెల్మన్, డ్యూరీ బృందం క్లోమశక్తి ఇంకా మిగిలిన రోగుల రసాన్ని సేకరించి కొలిచింది. ద్రవం బాగా తగ్గింది, అందులో ప్రొటీను సాంద్రత పెరిగింది. అంటే నాళాలు పూర్తిగా పూడక ముందే, రసం ఇంకా బయటికొస్తున్న దశలోనే లోపం పట్టుబడింది. పూడిక అప్పటికింకా రావాల్సిన సంగతి.

ప్రొఫెసరు: సరే, నీరు తగ్గడం ముందనుకుందాం. దానికి బైకార్బొనేట్‌నే ఎందుకు పట్టుకోవాలి? మీరు చెప్పిన టొరంటో బృందమే 1988లో, క్లోరైడ్ స్రావం కూడా దెబ్బతింటోందని, ద్రవం తగ్గడానికి రెండూ కారణమేనని చూపించింది. 1983లో పాల్ క్వింటన్ చెమటనాళం మీద పనిచేసి పట్టుకున్న లోపం క్లోరైడ్ దాటకపోవడమే. ఈ జబ్బును ఖాయం చేయడానికి ఇవాళ్టికీ చెమటలో కొలిచేది క్లోరైడే. లీటరుకు 60 మిల్లీమోల్స్ దాటితే జబ్బుందంటాం. 1989లో లాప్-చీ ట్సుయ్, జాక్ రియోర్డన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ ఏడో క్రోమోసోమ్ మీద జన్యువు పట్టుకున్నాక, అది క్లోరైడ్ మార్గమనే ప్రపంచమంతా చదువుకుంది. ఏ అయాను ఆగినా నీరు తగ్గుతుంది, నీరు తగ్గితే రసం చిక్కబడుతుంది. క్షారం ప్రస్తావనే అక్కర్లేకుండా కథ పూర్తవుతోంది కదా.

అధ్యాపకురాలు: నీటి కొరత ఒక్కటే అయితే మీ కథ నిలుస్తుంది. గుత్తికణానికీ నాళానికీ మధ్యనున్న ఆ ఇరుకు సందులో ఏం జరుగుతుందో చూడండి. గుత్తికణం ఎంజైములను చిన్న చిన్న రేణువులుగా మూటగట్టి దాచుకుంటుంది. ఆ మూటలో ప్రొటీను ఒత్తుగా సర్దుకోవాలంటే లోపల ఆమ్లం ఉండాలి. మూట బయటికి విప్పిన ప్రతిసారీ ఎంజైములతోపాటు ఆ ఆమ్లమూ సందులో పడుతుంది. 2010లో పీటర్ థార్న్ బృందం చిట్టెలుక క్లోమకణాల్లో ఇది జరుగుతుండగానే చూసి, స్రావం విడుదలైన చోట సందు ఆమ్లంగా మారడాన్ని కొలిచింది. సరిగ్గా ఆ సందు అంచునే, గుత్తి మధ్యలోకి చొచ్చుకొచ్చే కణాల్లోనూ, అతి చిన్న నాళాల్లోనూ సీఎఫ్‌టీఆర్ దండిగా ఉంటుంది. ఆమ్లం పడ్డచోటే క్షారం అందేలా అమరిన ఏర్పాటది. క్షారం రాకపోతే, పుల్లని పదార్థం తగిలిన పాలు విరిగినట్టు, అక్కడి ప్రొటీను ముద్దకడుతుంది. రేణువుల పొరను మళ్లీ లోపలికి లాక్కోవడం కూడా కుంటుపడుతుందని 2001లో ఫ్రీడ్‌మన్, కెర్న్, షీల్ సీఎఫ్‌టీఆర్ లేని చిట్టెలుకల్లో గమనించారు. ఇక మీరు చెప్పే జిగురు. మ్యూసిన్ అణువులు కణంలో ఉన్నంతసేపూ కాల్షియంతో, ఆమ్లంతో బిగించి మడతపెట్టి ఉంటాయి. బయటికొచ్చాక బైకార్బొనేట్ ఆ కాల్షియాన్ని లాగేస్తేనే విచ్చుకుని, నీరు పీల్చుకుని వందల రెట్లు పొంగుతాయి. లాగకపోతే దట్టంగా, అంటుకుపోయే ముద్దగా మిగులుతాయి. 2008లో ఈ వాదన ముందుకు తెచ్చింది ఎవరో కాదు, చెమటనాళంలో క్లోరైడ్ లోపాన్ని పట్టుకున్న ఆ క్వింటనే. జిగురు చిక్కబడటం కూడా క్షారం లేకపోవడం వల్లే అయితే, మీ కారణం నా కారణంలోంచి పుట్టినదవుతుంది.

ఇక్కడ నా మాట ఒకటి. క్లోరైడా, బైకార్బొనేటా అని రెండు దారులుగా విడదీస్తే వాదన తప్పుదారి పడుతుంది. నాళపు కణంలో సీఎఫ్‌టీఆర్ పక్కనే క్లోరైడ్‌ను లోపలికి తీసుకుని బైకార్బొనేట్‌ను బయటికి పంపే మార్పిడి ప్రొటీన్లు ఉంటాయి. సీఎఫ్‌టీఆర్ ద్వారా బయటికొచ్చిన క్లోరైడే వాటికి సరుకు. రసంలో క్షారం బాగా పెరిగాక సీఎఫ్‌టీఆర్ తానే బైకార్బొనేట్‌ను నేరుగా వదులుతుందని, మనిషి రసంతో పోల్చదగ్గ గినీపిగ్ నాళాల మీద జపాన్‌లోని నగోయా శాస్త్రజ్ఞులు చూపారు. కాబట్టి క్లోరైడ్ దెబ్బతిన్నదన్న 1988 నాటి ఫలితం బైకార్బొనేట్ వాదానికి అడ్డు కాదు. అడ్డుపడగలిగేది ఒక్కటే: క్లోరైడ్ బాగా కదులుతూ బైకార్బొనేట్ మాత్రమే ఆగినప్పుడు క్లోమం చెడుతుందా, చెడదా? ప్రొఫెసరు పట్టుకోబోయేది దాన్నే.

ప్రొఫెసరు: అలాంటి రుజువంటే మీవాళ్లు చూపేది 2001లో డాలస్ నుంచి మువల్లెం బృందం నేచర్ పత్రికలో వేసిన వ్యాసం. క్లోమం పూర్తిగా పోయిన రోగుల మ్యుటేషన్లను పెంపుడు కణాల్లో పెట్టి చూస్తే కొన్నిట్లో క్లోరైడ్ బాగానే కదిలింది, బైకార్బొనేట్ మాత్రం కదల్లేదన్నారు. క్లోమం కొంత మిగిలినవారి మ్యుటేషన్లలో బైకార్బొనేట్ కొంత కదిలింది. చదవడానికి అద్భుతంగా ఉంది. కానీ ఆ జాబితాలోని ఐ148టీ సంగతి ఏమైంది? అది ఒంటరిగా జబ్బు తెప్పించదని, అదే జన్యువు మీద పక్కనే దాగిన మరో లోపం అసలు దోషి అని తర్వాత తేలింది. 2004లో అమెరికా జన్యువైద్యులు పరీక్షల జాబితా నుంచి దాన్ని తీసేశారు. జబ్బే తెప్పించని మార్పు క్లోమాన్ని చంపే మార్పులా కనిపించిందంటే ఆ కొలతను నేనెలా నమ్మాలి?

అధ్యాపకురాలు: నమ్మొద్దు సార్, ఆ ఒక్క వ్యాసం మీదే నిలబెడితే నమ్మొద్దు. ఐ148టీ విషయంలో మీరన్నది పూర్తిగా నిజం. ప్రయోగశాల కణంలో తేలినది క్లోమానికి యథాతథంగా వర్తిస్తుందనుకోకూడదని అది నేర్పింది. అందుకే రోగుల దగ్గర్నుంచి మొదలుపెట్టిన పని చూడమంటాను. 2014లో పిట్స్‌బర్గ్ బృందం దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్, అంటే క్లోమపు మంట, ఉన్న రోగుల్లో సీఎఫ్‌టీఆర్ మార్పులు వెతికింది. తొమ్మిది మార్పులు దొరికాయి. అవి సిస్టిక్ ఫైబ్రోసిస్ తెచ్చేవి కావు, ఊపిరితిత్తుల జబ్బుతో వాటికి సంబంధం కనిపించలేదు. కణంలోని నియంత్రణ ఎంజైములు సీఎఫ్‌టీఆర్‌ను బైకార్బొనేట్ వైపు మళ్లించే మలుపు దగ్గర అవి విఫలమయ్యాయి. క్లోరైడ్ మాత్రం కదిలింది. క్లోరైడ్ మిగిలినచోట ఊపిరితిత్తులు మిగిలాయి, బైకార్బొనేట్ తప్పినచోట క్లోమం దెబ్బతింది. చెమటనాళం ఉప్పును వెనక్కి పీల్చుకునే నాళం, దానికి క్లోరైడే ముఖ్యం. క్లోమనాళం క్షారాన్ని బయటికి పోసే నాళం. ఒకే ద్వారం రెండుచోట్లా ఉన్నా రెంటి అవసరం ఒకటి కాదు. అందుకే చెమట పరీక్ష జబ్బును పట్టిస్తుంది కానీ క్లోమం ఎందుకు పోయిందో చెప్పదు.

ప్రొఫెసరు: మరి చిట్టెలుకలు? 1992లో సీఎఫ్‌టీఆర్ జన్యువు తీసేసిన చిట్టెలుకలను పుట్టించారు. వాటి పేగు పూడిపోయింది, క్లోమం మాత్రం ఇంచుమించు మామూలుగానే ఉంది. ఇందాక మీరు చెప్పిన ఆమ్లపు సందు ఆ చిట్టెలుకల్లోనూ ఉంది. ఉన్నా అవయవం నాశనం కాలేదు.

అధ్యాపకురాలు: చిట్టెలుక నాళపు కణాల్లో కాల్షియంతో తెరుచుకునే మరో క్లోరైడ్ మార్గం గట్టిగా పనిచేస్తుంది, ఒకటి పోతే రెండోది ఆదుకుంటుంది. పైగా దాని రసంలో మనకున్నంత బైకార్బొనేట్ ఉండదు. ఎక్కువ క్షారం మీద ఆధారపడని అవయవం అది పోయినప్పుడు తక్కువే నష్టపోతుంది. ఇది నా వాదానికి అనుకూలమే. మనలాగే క్షారం దండిగా పోసే జంతువును తీసుకోండి. 2008లో అయోవా, మిస్సోరీ విశ్వవిద్యాలయాల వాళ్లు సీఎఫ్‌టీఆర్ లేని పందిపిల్లలను పుట్టించారు. పుట్టిన రోజుకే వాటి క్లోమం మీ స్లైడులోలా ఉంది. ఊపిరితిత్తులు అప్పటికింకా బాగానే ఉన్నాయి.

ప్రొఫెసరు: ఇంకో మార్గం కూడా ఉంది, దాన్ని మీరు దాటేస్తున్నారు. అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మ్యుటేషన్‌లో 1,480 అమైనో ఆమ్లాల గొలుసులో 508వది, ఫినైల్ అలనిన్, ఎగిరిపోతుంది. ఆ ప్రొటీను సరిగా మడతపడదు. కణం దాన్ని పొర దాకా పంపకుండా లోపలే పట్టుకుని ముక్కలు చేస్తుంది. పగలూ రాత్రీ చెడ్డ ప్రొటీను తయారుచేసి పారేసే కణం ఆ ఒత్తిడికే చచ్చిపోకూడదా? ఇన్ని ఎంజైములు తయారుచేసే అవయవంలో అది చిన్న భారం కాదు.

అధ్యాపకురాలు: దాన్ని మ్యుటేషన్లే పరీక్షించి పెట్టాయి. జీ542ఎక్స్ అనే దాంట్లో గొలుసు మధ్యలోనే తెగిపోతుంది, పారేయడానికి చెడ్డ ప్రొటీనే మిగలదు. జీ551డీలో ప్రొటీను చక్కగా మడతపడి పొర దాకా చేరుతుంది, తెరుచుకోవడమే రాదు. మొదటిది తయారవదు, రెండోది చేరుతుంది కానీ పనిచేయదు, మీరు చెప్పింది దారిలోనే పోతుంది. మూడింటిలోనూ క్లోమం గతి ఒక్కటే. చెడ్డ ప్రొటీను విషమే కారణమైతే మూడు చోట్లా ఫలితం మూడు రకాలుగా ఉండాలి. 1990లో టొరంటో లెక్క చూడండి. 508 లోపం రెండు జన్యువుల్లోనూ ఉన్నవారిలో 99 శాతానికి క్లోమం చాలడం లేదు. ఒక్కదాంట్లో ఉన్నవారిలో 72 శాతం, అసలు లేని రోగుల్లో 36 శాతం. ఊపిరితిత్తుల జబ్బు తీవ్రత ఇంత కచ్చితంగా జన్యువును అనుసరించదు. అక్కడ బ్యాక్టీరియా, పొగ, పోషణ అన్నీ చేయి కలుపుతాయి. క్లోమం మాత్రం ద్వారం ఎంత తెరుచుకుంటుందన్న ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

ప్రొఫెసరు: అలాగైతే ద్వారం కాస్తయినా తెరుచుకునేవారు తక్కువ బాధపడాలి. జరుగుతున్నది అలా లేదే. క్లోమం మిగిలిన రోగులకే పాంక్రియాటైటిస్ పదేపదే వస్తుంది, పూర్తిగా పోయినవారికి దాదాపు రాదు.

అధ్యాపకురాలు: మంట రేగాలంటే ఎంజైములు తయారుచేసే గుత్తులు మిగిలి ఉండాలి సార్. పూర్తిగా పోయినవారిలో ఆ దశ గర్భంలోనో, పుట్టిన కొత్తలోనో గడిచిపోయింది. మిగిలినవారిలో గుత్తులు ఎంజైములు ఇస్తూనే ఉంటాయి, వాటిని కడిగే రసం మాత్రం తక్కువ. ట్రిప్సినోజెన్ అనే నిద్రాణ రూపం తనంతట తాను ట్రిప్సిన్‌గా మారే వేగం క్షారం తగ్గేకొద్దీ పెరుగుతుందని, అలా పుట్టిన ట్రిప్సిన్ తిరిగి సీఎఫ్‌టీఆర్‌నే అణగదొక్కుతుందని 2011లో హంగరీలోని సెగెద్ బృందం తేల్చింది. ఒకసారి మొదలైతే తనను తాను పెంచుకునే నష్టమిది. ట్రిప్సిన్ అదుపు తప్పడం క్లోమానికి ఎంత ప్రమాదమో మన హైదరాబాద్‌లోనే కనిపించింది. 2002లో సీసీఎంబీ పరిశోధకులు ఉష్ణమండలపు రాళ్ల పాంక్రియాటైటిస్ రోగుల్లో, ట్రిప్సిన్‌ను అణచే స్పింక్1 జన్యువులో మార్పులు ఎక్కువగా ఉన్నాయని చూపారు. అక్కడ అణచివేత తగ్గింది, ఇక్కడ క్షారం తగ్గింది. నష్టపోయినవి మాత్రం గుత్తికణాలే. దెబ్బతిన్న గుత్తుల చుట్టూ నిద్రాణంగా ఉండే నక్షత్రాకారపు కణాలు మేలుకుని కొలాజెన్ పోస్తాయి. మీ స్లైడులోని పీచు వాటి పనే.

ప్రొఫెసరు: ఇదంతా ఒప్పుకున్నా వైద్యంలో తేడా ఏముంది? లైపేజ్ ఉత్పత్తి పదో వంతుకు పడిపోతే తప్ప కొవ్వు అరగకపోవడం బయటపడదు. బయటపడ్డాక ఎంజైము గుళికలిస్తాం, బిడ్డ బరువు పెరుగుతుంది.

అధ్యాపకురాలు: ఆ గుళికలు కూడా క్షారం కోసమే కాచుకుంటాయి. పొట్టలోని ఆమ్లాన్ని తట్టుకునేలా పైన పూత వేస్తారు. పేగులో ఆమ్లం తగ్గాకే అది కరగాలి. బైకార్బొనేట్ రాని పేగులో ఆ తగ్గడం ఆలస్యమవుతుంది, పూత కరగాల్సిన చోటు దాటిపోతుంది. కొందరికి గుళికలతోపాటు ఆమ్లం తగ్గించే మందూ ఇవ్వాల్సి రావడం అందుకే. దానికంటే పెద్ద తేడా సమయానిది. 1979లో ఆక్లండ్‌లో నవజాత శిశువు రక్తపు చుక్కలో ట్రిప్సినోజెన్ కొలిస్తే ఈ జబ్బును పట్టుకోవచ్చని కనిపెట్టారు. పూడిన నాళాల వెనక నుంచి అది రక్తంలోకి కారుతుంది కాబట్టి పుట్టినప్పుడు ఎక్కువుంటుంది. గుత్తులు చచ్చేకొద్దీ అదే పడిపోతుంది. ఆ అంకె ఎక్కువగా ఉందంటే కాపాడదగ్గ కణాలు ఇంకా ఉన్నాయని అర్థం. 2012లో వచ్చిన ఐవకాఫ్టర్ ద్వారాన్ని తెరిపించే మందు. అది వాడిన చిన్నపిల్లల్లో కొందరికి మలంలో ఎలాస్టేజ్ అనే క్లోమపు ఎంజైము తిరిగి పెరిగింది. అదే మందు 2019లో జీ551డీ ఉన్న ఫెరెట్లకు తల్లి గర్భంలో ఉండగానే అందితే క్లోమం నిలిచింది. పెద్దవారికి అదే మందు ఎన్నేళ్లు ఇచ్చినా పోయిన గుత్తులు తిరిగి రావు. జిగురే మూలమైతే జిగురు కరిగించే మందుతో ఇవన్నీ జరగాలి. జరిగింది ద్వారం తెరిచే మందుతో.

ప్రొఫెసరు: ఒక్కటి మాత్రం మీ ద్వారంతో తేలదు. దీవుల్లోని బీటా కణాలు గుత్తులకు చెందినవి కావు, వాటికి నాళమూ లేదు. అయినా పెద్దవాళ్లయ్యేసరికి ఈ రోగుల్లో ఇంచుమించు సగం మందికి మధుమేహం వస్తోంది.

అధ్యాపకురాలు: దీని మీద పరిశోధకులకే ఇంకా ఏకాభిప్రాయం లేదు, నేనూ గట్టిగా చెప్పలేను. బీటా కణంలో సీఎఫ్‌టీఆర్ ఉందని, అది పోతే ఇన్సులిన్ తగ్గుతుందని 2014లో ఒక బృందం రాసింది. 2018లో రోగుల దీవులను విడిగా పరిశీలించినవారికి బీటా కణాల్లో అది దాదాపు కనిపించలేదు. దీవులు తగ్గిపోవడం, మిగిలినవాటి చుట్టూ మంట ఉండటం కనిపించాయి. నా మొగ్గు రెండోదాని వైపే. గుత్తులు పోయాక కొవ్వులో, పీచులో చిక్కుకున్న దీవి తన రక్తనాళాలను, ఇరుగుపొరుగు కణాలను పోగొట్టుకుంటుంది. గుత్తులు మిగిలిన రోగుల్లో మధుమేహం తక్కువగా ఉండటం దానికి సరిపోతుంది. అదే నిజమైతే మొదటి నెలల్లో గుత్తులను కాపాడటం ఇరవై ఏళ్ల తర్వాతి ఇన్సులిన్‌నూ కాపాడుతుంది. మన దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ జబ్బు పరీక్ష చేసే జాతీయ ఏర్పాటు ఇంకా లేదు. బిడ్డ బరువు పెరగక, మలం జిడ్డుగా, దుర్వాసనతో పోతూ, దగ్గు తగ్గకుండా ఉంటే, చెమట పరీక్షతోపాటు మలంలో ఎలాస్టేజ్ కూడా అప్పుడే చూడాలి. ఎంత మిగిలి ఉందో అప్పుడు కొలిస్తేనే తెలుస్తుంది.